5x8 గది: తొట్టి మంచానికీ బీరువాకీ మధ్య చోటు చాలట్లేదు

అద్దె ఇంట్లో 5x8 అడుగుల స్టోర్ రూమ్‌ని పాప గదిగా మార్చాం. పాపకి 7 నెలలు. ఓ గోడకి 4x2 అడుగుల తొట్టి మంచం, ఎదురు గోడకి ఇనప బీరువా. మధ్యలో మిగిలింది అడుగున్నర కూడా లేదు. మంచం కింది సొరుగు లాగితే బీరువాకి తగిలి ఆగిపోతోంది, లోపలున్న డైపర్ల ప్యాకెట్ బయటికి రాదు. బీరువా తలుపుదీ అదే గోల.

మంచాన్ని కిటికీ కిందికి జరిపితే వాన జల్లు, పైగా కర్టెన్ తాడు పాప చేతికి అందుతోంది. బీరువాని తలుపు వెనక పెడితే గది తలుపు సగమే తెరుచుకుంటోంది. గోడకి డ్రిల్లింగ్ అంటే ఓనర్ ఒప్పుకోరు. బిగించకుండా సన్నటి ఎత్తు అల్మారా పెడితే, పాప పట్టుకుని లేచినప్పుడు మీద పడుతుందని టెన్షన్.

బీరువా తీసేసి, అడుగు లోతుకి మించకుండా, గోడకి బిగించకపోయినా ఒరగకుండా నిలబడేది ఏం పెట్టొచ్చు?