పదకొండేళ్ల పిల్లకి ప్రైవేటు బాస్కెట్‌బాల్ కోచింగ్ అవసరమా?

పాయింట్‌గార్డ్_అమ్మ

మా అమ్మాయికి 11 ఏళ్లు. టీమ్‌లో ఆడుతోంది, వారానికి రెండు ప్రాక్టీసులు, ఒక మ్యాచ్. తోటి పిల్లల్లో సగం మంది విడిగా ట్రైనర్ దగ్గరికి కూడా వెళ్తున్నారు. ఎవరు వెళ్తున్నారో మ్యాచ్ చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. వాళ్లు తలెత్తి డ్రిబుల్ చేస్తారు, అంటే బంతి వంక చూడకుండానే దాన్ని నేలకి కొడుతూ నడిపిస్తారు. ఎడమ చేత్తో కూడా లేఅప్ (రింగ్ దగ్గరికి పరిగెత్తి గెంతి వేసే షాట్) వేస్తారు. మా పిల్ల బంతి వంకే చూస్తూ పరిగెడుతుంది, ఈలోగా ఎవరో లాగేసుకుంటారు. "నన్నూ పంపించమ్మా" అని తనే అడిగింది. వాళ్ల నాన్న మాత్రం, ఇప్పట్నుంచే కోచింగుల్లో పడేస్తే పిల్లకి ఆట మీదే విరక్తి పుడుతుందంటున్నారు. ఇద్దరం వాదించుకున్నాం కానీ తేలలేదు. పంపినవాళ్లు, పంపనివాళ్లు, నేర్పేవాళ్లు, మీ అభిప్రాయం చెప్పండి.

రీబౌండ్

నేను స్కూలు టీమ్ కోచ్‌ని. పదకొండేళ్లకి వద్దంటాను.

ప్రైవేటు ట్రైనింగ్ నుంచి వచ్చే పిల్లల్ని ఏటా చూస్తున్నాను. బంతిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చే క్రాస్‌ఓవర్, కాళ్ల మధ్య నుంచి మార్చడం, వీపు వెనక నుంచి మార్చడం, అన్నీ వచ్చు. ఎప్పుడు వాడాలో మాత్రం తెలీదు. ఖాళీగా ఉన్న తోటి ప్లేయర్ చెయ్యెత్తి పిలుస్తుంటే వీళ్లు ఇంకా డ్రిబుల్ చేస్తూనే ఉంటారు. కారణం కోన్లు, అంటే ప్రాక్టీస్‌లో నేల మీద పెట్టి చుట్టూ తిప్పించే ప్లాస్టిక్ శంకువులు. కోన్ కదలదు, చెయ్యి చాపదు, మీద పడదు. దాని చుట్టూ తిరగడం వచ్చినంత మాత్రాన డిఫెండర్‌ని దాటడం వచ్చినట్టు కాదు. డిఫెండర్ బరువు ఏ కాలి మీద ఉందో చూసి అటు కాకుండా ఇటు వెళ్లాలి. ఆ చూపు మనిషి ఎదురుగా ఉంటేనే అలవాటవుతుంది.

పిల్లని ముగ్గురు ముగ్గురు చొప్పున ఆడే ఆటలకి ఎక్కువగా పంపండి. ఐదుగురు ఐదుగురు ఆడితే పదిమందికి ఒక బంతి. ముగ్గురు ముగ్గురైతే ఆరుగురికి ఒకటి. బంతి ఎక్కువసార్లు చేతికొస్తుంది, దాక్కోడానికి చోటుండదు.

షూటింగ్_మాస్టారు

రీబౌండ్ గారూ, నేను మీరంటున్న ఆ ట్రైనర్లలో ఒకణ్ని. కోన్లతోనే గంటంతా గడిపేసేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ మీ ప్రాక్టీస్‌లో ఎంతమంది పిల్లలుంటారు? పదిహేను మంది ఉంటే, గంటన్నరలో షాట్ వేసేటప్పుడు ఒక పిల్ల మోచెయ్యి పక్కకి ఎందుకు పోతోందో చూసే తీరిక మీకుంటుందా? టీమ్ ప్రాక్టీస్ అంటే ఆటలు, సెట్లు (ముందే అనుకుని ఆడే ఎత్తులు), డిఫెన్స్. అది మీ తప్పు కాదు. మరి మోచెయ్యి సంగతి ఎవరు చూస్తారు?

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో పేరుమోసిన షూటర్ స్టెఫెన్ కర్రీ హైస్కూల్లో బంతిని నడుము దగ్గర్నుంచి విసిరేవాడు. తండ్రి డెల్ కర్రీ స్వయంగా ఎన్‌బీఏ షూటర్. ఒక వేసవి అంతా పట్టుబట్టి బంతి వదిలే ఎత్తు మార్పించారు. ఎన్‌బీఏలో ఆడిన జర్మన్ ఆటగాడు డర్క్ నొవిట్జ్‌కీని తీర్చిదిద్దింది కూడా ఒక వ్యక్తిగత గురువే. హోల్గర్ గెష్‌విండ్నర్, 1972 ఒలింపిక్స్‌లో పశ్చిమ జర్మనీకి ఆడిన మనిషి. బంతి ఏ కోణంలో పోతే కాస్త గురి తప్పినా రింగ్‌లో పడుతుందో ఆయన లెక్కలేసి మరీ డర్క్ షాట్‌ని కట్టారు. ఆ డర్క్ 2007లో ఎన్‌బీఏ ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు), 2011లో చాంపియన్. ఇద్దరికీ దొరికింది ఒకటే, తమనొక్కళ్లనే చూసే కన్ను.

రీబౌండ్

ఆ ఇద్దరి వయసు కూడా చెప్పాలి కదండీ. కర్రీ అప్పటికి హైస్కూల్ కుర్రాడు. నొవిట్జ్‌కీ గెష్‌విండ్నర్ కంట్లో పడేసరికి టీనేజ్ సగం దాటింది. అంతకు ముందు హ్యాండ్‌బాల్, టెన్నిస్ ఆడాడు. ఆ గురువే వాద్యం నేర్చుకో, పుస్తకాలు చదువు అని కూడా పురమాయించారు. ఇంకో ఎన్‌బీఏ దిగ్గజం టిమ్ డంకన్ అయితే మొదట ఈతగాడు. 1989లో హ్యూగో తుఫాను వాళ్ల ద్వీపంలో ఉన్న పెద్ద ఈత కొలను పాడుచేశాకే బాస్కెట్‌బాల్ వైపొచ్చాడు. పదకొండేళ్లకి ఈ ముగ్గురిలో ఎవరూ స్కిల్స్ ట్రైనర్ దగ్గర లేరు.

ఇంకోటి. చిన్నపిల్లలు నడుము దగ్గర్నుంచి ఎందుకు విసురుతారు? బద్ధకం వల్ల కాదు. పెద్దల రింగ్ 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది, పెద్దల బంతి బరువు. అక్కడిదాకా చేర్చడానికి వేరే దారి లేక అలా విసురుతారు. అందుకే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా పిల్లల కోసం పెట్టిన మినీ బాస్కెట్‌బాల్‌లో 12 ఏళ్లలోపు వాళ్లకి రింగ్ 2.60 మీటర్లు, బంతి 5 సైజు. ముందు రింగ్ దించండి, సగం మోచేతులు వాటంతటవే సర్దుకుంటాయి. దానికి ట్రైనర్ అక్కర్లేదు.

షూటింగ్_మాస్టారు

రింగ్ సంగతి నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులకి మొదటి రోజే చెప్పేది అదే, సగం మంది వినరు. "మ్యాచ్‌లో ఎత్తు అంతే కదా" అంటారు. అయితే హైస్కూల్ వయసులో షాట్ మార్చుకోవడం ఎంత నరకమో కర్రీనే చెప్పాడు. ముందే చూసేవాళ్లుంటే అంత దూరం రావాలా?

మోకాలు_డాక్టరమ్మ

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. ఇద్దరూ నైపుణ్యం గురించే వాదిస్తున్నారు, నా గదికి వచ్చేది మాత్రం మోకాళ్లూ మడమలూ.

10 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లలు ఒక్కసారిగా సాగుతారు. ఎముక ముందు పెరుగుతుంది, కండరం వెనకపడుతుంది. ఆ సమయంలో తొడ కండరం మోకాలి చిప్ప కింద, ఎముక అతుక్కునే చోట లాగుతూ ఉంటుంది. గెంతులు ఎక్కువైతే అక్కడ వాచి నొప్పెడుతుంది, దాన్ని ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. మడమలో వస్తే సీవర్స్. రెండూ తగ్గేవే, కానీ తగ్గాలంటే గెంతులు తగ్గించాలి. స్కూలు కోచ్‌కి ప్రైవేటు సెషన్ల సంగతి తెలీదు, ట్రైనర్‌కి మ్యాచ్‌ల సంగతి తెలీదు. పిల్ల కాళ్లు మాత్రం అన్నీ లెక్కపెట్టుకుంటాయి. కాబట్టి మొత్తం ఎన్ని గంటలవుతోందో ఇంట్లో ఒకరు రాసి పెట్టాలి. ఎన్‌బీఏ, అమెరికా జాతీయ బాస్కెట్‌బాల్ సంస్థ యూఎస్ఏ బాస్కెట్‌బాల్ కలిసి 2016లో విడుదల చేసిన మార్గదర్శకాలు 14 ఏళ్లు వచ్చేవరకూ ఒకే ఆటకి పిల్లల్ని కట్టేయొద్దన్నాయి.

అమ్మాయి కాబట్టి ఒకటి ప్రత్యేకంగా చెబుతాను. యుక్తవయసు మొదలయ్యాక ఇలాంటి ఆటల్లో మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగే ప్రమాదం అబ్బాయిల కంటే అమ్మాయిలకి ఎక్కువ. గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా దిగడం, రెండడుగుల్లో ఆగడం, ఒంటికాలి మీద నిలబడటం వార్మప్‌లో క్రమం తప్పకుండా చేయిస్తే ఆ గాయాలు తగ్గుతాయి. ట్రైనర్‌ని పెట్టుకునేటట్టయితే మొదట అడగాల్సింది "దిగడం నేర్పుతారా?" అని. ఆ ప్రశ్నకి తెల్లమొహం వేస్తే వెనక్కి వచ్చేయండి.

బెంచ్_నంబర్_12

నాకు 16. రీబౌండ్ సర్, మీరు చెప్పిన ఆటలన్నీ కోర్టులో దిగేవాళ్లకి. నేను మా టీమ్‌లో బెంచ్ మీద ఉంటాను. ఆఖరి రెండు నిమిషాలు దింపుతారు, అప్పుడు ఒక్క తప్పు చేసినా మళ్లీ కూర్చోబెడతారు. మధ్యాహ్నాలు స్నేహితులతో ఆడదామన్నా బంతి నాకివ్వరు, నాకు రాదని వాళ్లకి తెలుసు కాబట్టి. మా ట్రైనర్ దగ్గర మాత్రం తప్పు చేస్తే మళ్లీ చెయ్యమంటారు. నాకు అలాంటి చోటు ఇంకెక్కడా లేదు. మీరు వద్దంటే మాలాంటివాళ్లు ఎక్కడ నేర్చుకోవాలి సర్?

రీబౌండ్

నీ ప్రశ్న న్యాయమైనది బాబూ. పదహారేళ్ల వాడివి, ఏం కావాలో నీకు తెలుసు, వెళ్లు. ఆఖరి రెండు నిమిషాలకే పిల్లల్ని దింపే కోచ్‌ల తీరు నాకూ నచ్చదు. ఈ వయసు టీముల్లో అందరికీ సమానంగా ఆడే సమయం ఉండాలని నేను మా వాళ్లతో పోట్లాడుతూనే ఉంటాను. అయినా అది టీములు దిద్దుకోవాల్సిన లోపం. దాన్ని తల్లిదండ్రుల డబ్బుతో పూడ్చుకోమంటే డబ్బు లేని పిల్ల బెంచ్ మీదే ఉండిపోతుంది.

ఎడమచేతి_నాన్న

మా అబ్బాయిని 13 నుంచి పంపుతున్నాం. మొదటి ట్రైనర్ దగ్గర ఏడాది వృథా. ప్రతి వారం కొత్త మూవ్, ప్రతి మూవ్‌కీ ఒక వీడియో. మా అనుమతి అడక్కుండా వాడి వీడియోలు ప్రచారానికి పెట్టేశాడు. మానిపించేశాం. రెండో ఆవిడ మొదట మ్యాచ్ చూడటానికి వచ్చింది. రెండే చెప్పింది: ఎడమ చెయ్యి, పాస్ అందుకున్నాక పివట్ (ఒక కాలు కదపకుండా దాని మీద తిరగడం). సీజన్ అంతా ఆ రెండే. తలుపు మూసిన జిమ్‌లో ఒంటరిగా సెషన్ వద్దు, మీలో ఒకరు కనిపించేంత దూరంలో ఉండండి అని కూడా తనే చెప్పింది. ఈ మాట ట్రైనర్ చెప్పకపోతే మనమే చెప్పాలి. మనిషి ఎంత మంచివాడైనా సరే.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. సెషన్ సాఫీగా సాగితే పిల్లాడు నేర్చుకున్నట్టు కాదు. 1979లో షే, మోర్గన్ అనే ఇద్దరు పరిశోధకులు చేతి కదలికలతో ప్రయోగం చేశారు. ఒకే కదలికని వరసగా చేసినవాళ్లు ప్రాక్టీస్‌లో బాగా చేశారు. కలగాపులగంగా చేసినవాళ్లు తడబడ్డారు. పది రోజుల తర్వాత పరీక్షిస్తే కలగాపులగం వాళ్లదే పైచేయి. ఒకే చోటు నుంచి వరసగా యాభై షాట్లు వేయిస్తే చూసే నాన్నకి ముచ్చటగా ఉంటుంది. చోటు మారుస్తూ, మధ్యలో పాస్, డిఫెన్స్ కలుపుతూ వేయించే ట్రైనర్ దగ్గర పిల్లాడు ఎక్కువ తప్పులు చేస్తాడు. డబ్బిచ్చేది మనం కాబట్టి ట్రైనర్లు మొదటి రకానికే మొగ్గుతారు.

షూటింగ్_మాస్టారు

ఆ ఒత్తిడి నిజం. తడబడే సెషన్ అయ్యాక "ఈ రోజు ఏం నేర్పారు?" అని అడిగే తల్లిదండ్రులకి జవాబు చెప్పడం కష్టం. అందుకే నేను ఒక్కొక్కరిని తీసుకోవడం తగ్గించాను. ముగ్గురు నలుగురు కలిసొస్తే డిఫెండర్ ఉంటాడు, పాస్ ఇవ్వడానికి మనిషి ఉంటాడు, ఖర్చూ పంచుకుంటారు. పదకొండేళ్లకి అది చాలు, అంతకు మించి నేనూ చెప్పను. మోచెయ్యి చూసే తీరిక నాకుంటుంది.

పాయింట్‌గార్డ్_అమ్మ

అందరికీ ధన్యవాదాలు. మా ఆయనతో కూర్చుని ఇదంతా చదివాం. ఆయన భయం కోచింగ్ గురించి కాదు, పిల్ల ఈత మానేస్తుందని. ఈత మానదు. ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిపి వారానికి ఒకసారి, అదీ మ్యాచ్‌లు లేని నెలల్లో పంపుదామనుకుంటున్నాం. ట్రైనర్‌కి చెప్పేది ఒక్కటే, తలెత్తి డ్రిబుల్ చెయ్యడం. రీబౌండ్ గారూ, ఇందులో మీకు అభ్యంతరం ఉందా?

రీబౌండ్

ఉందండి, ఇప్పటికీ. ఒక్క ఏడాది ఆగండనే అంటాను. పంపేటట్టయితే, తలెత్తడానికి కోన్లు పెట్టనివ్వకండి. ముగ్గురూ చిన్న చోట డ్రిబుల్ చేస్తూ ఒకరి బంతి ఒకరు కొట్టేయాలి. పక్కవాళ్ల చెయ్యి చూడకపోతే తన బంతి పోతుంది. తల దానంతటదే లేస్తుంది. అక్కడి రింగ్ ఎత్తు కొలిచి చెప్పండి, 3.05 ఉంటే షూటింగ్ జోలికి వెళ్లొద్దని ముందే అనండి.