“తన కోపమె తన శత్రువు”: అన్నిసార్లు ‘తన’ ఎందుకు?

ప్రశ్న: సుమతీ శతకంలో అందరికీ నోటికొచ్చిన కందం ఇది.

తన కోపమె తన శత్రువు
తన శాంతమె తనకు రక్ష దయ చుట్టంబౌ
తన సంతోషమె స్వర్గము
తన దుఃఖమె నరకమండ్రు తథ్యము సుమతీ

ఎవరో నోరు జారితేనే కదా మనకు కోపం వచ్చేది, దాన్ని ‘తన’ కోపం అని మన నెత్తిన రుద్దడం న్యాయమేనా? పైగా దయకి మాత్రం ‘తన’ లేదేం?

జవాబు: రెండోదానికి ముందు చెప్తాను, అది ఛందస్సు సంగతి. రెండో పాదంలో నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొసగే అక్షరం రావాల్సిన చోటు. పాదం మొదట్లోని ‘త’కి ‘దయ’లోని ‘ద’ సరిపోయింది, ఇంకో ‘తన’ ఇరికించడానికి అక్కడ చోటు లేదు.

ఇక మొదటిది. నోరు జారింది ఎదుటివాళ్లే, ఒప్పుకుంటాను. కానీ మనం “కోపం వచ్చింది” అంటాం, “కోపం తెచ్చుకోకు” అని కూడా అంటాం. రావడం మన చేతిలో లేదు, తెచ్చుకోవడం ఉంది. మెసేజ్ పంపాం, అవతలివాళ్లు చూశారు, జవాబు లేదు. చురుక్కుమంటుంది, అది వచ్చిన కోపం. ఆ తర్వాత నన్ను లెక్కచేయట్లేదు అనుకుని, పాత సంగతులన్నీ తవ్వుకుని, ఇంత పొడుగు మెసేజ్ టైప్ చేసి, పంపాలా వద్దా అని బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చుంటామే, అదంతా తెచ్చుకున్నది. ఈలోపు “సారీ, బండి మీదున్నా” అని వచ్చిందనుకోండి, ఇట్టే పోతుంది. అంత తేలిగ్గా పోయేదాని మాట విని ఆ మెసేజ్ పంపేసి ఉంటే? పద్యం శత్రువు అన్నది దీన్నేనని నా నమ్మకం.

ఇంకోటి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మొదటి రెండు పాదాల్లో శత్రువు, రక్ష, చుట్టం ఉన్నాయి, తర్వాత స్వర్గం, నరకం, అంటే లోకాలు. మన పురాణాల లెక్కలో స్వర్గం శాశ్వతం కాదు, పుణ్యం అయిపోగానే కిందికి దిగాల్సిందే (గీత 9వ అధ్యాయం 21వ శ్లోకంలోనూ ఇదే మాట), నరకమూ పాపం తీరేదాకానే. సంతోషానికీ దుఃఖానికీ ఆ రెండు పేర్లే పెట్టారంటే, రెండింట్లోనూ కొన్నాళ్లే ఉంటాం అని కూడా చెప్పినట్టే కదా. కోపాన్ని అందరూ తిడతారు గానీ, ఉబ్బితబ్బిబ్బై మాటిచ్చేసి ఇరుక్కుపోయేవాళ్లు తక్కువా?

ప్రశ్న: అంటే రాయిలా ఉండమనా?

జవాబు: కాదండీ, అలాగైతే దయ ప్రస్తావనే రాకూడదు. కోపం రాకూడదని పద్యం ఎక్కడా అనలేదు, శాంతాన్ని రక్ష అంది, కోపం వచ్చినప్పుడే దాంతో పని. నాకు అక్కరకొచ్చేది మాత్రం ఇది: కోపంలో టైప్ చేసింది రాత్రికి పంపకుండా ఉంచి, పొద్దున్న మళ్లీ చదవడం. చెప్పాల్సిన విషయం ఒకటి రెండు వాక్యాల్లో ఉంటుంది, అది పంపుతాను, మిగతాది తీసేస్తాను.