గంగమ్మ జాతరకు డెవలపర్ ఏది: డీ-76నా, రొడినాలా?

కపిలతీర్థం కుర్రోడు:
మే నెలలో మా తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర. పోయినేడు ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ బ్లాక్ అండ్ వైట్ ఫిలిం రెండు రీళ్ళు తీసి ఇంట్లోనే డీ-76 డెవలపర్ (ఫిలిం కడిగే మందు) స్టాక్‌లో, అంటే ఇంకా నీళ్ళు కలపకుండా, కడిగినా. బైరాగి వేషమోళ్ళు ఒంటినిండా నామంకొమ్ము (తెల్ల సుద్ద) పూసుకోని వస్తారు గదా, నెగటివ్‌లో ఆ ఒళ్ళంతా అట్టముక్క మాదిరి మూసుకపోయింది. స్కాన్ చేస్తే ఒట్టి సున్నం గోడ. తోటి వేషం బొగ్గు ముఖాల్లో కండ్లు, పండ్లు తప్ప ఏమీ లేదు. ఆ రోజు నీళ్ళు 31 డిగ్రీలు. 20 దగ్గర ఏడున్నర నిమిషాలు కడగాల్సింది, లెక్కేసుకోని మూడుకు దించినా.

ఈసారి రొడినాల్ 1+50 (ఒక పాలు మందు, యాభై పాళ్ళు నీళ్ళు) అనుకుంటా ఉండా. 1891 నుంచి ఉండే మందు, సీసా మూత తీసినా ఏండ్ల తరబడి చెడదు. ఏడాదికి పది రీళ్ళు కడిగే నాలాంటోడికి అదే మేలనిపిస్తాంది. మా ఫ్రెండేమో డీ-76 వదలొద్దంటాడు. మీరేమంటారు?

చిత్తూరు పాత డార్క్‌రూమ్:
తమ్ముడూ, తప్పు మందుది కాదు, మూడు నిమిషాలది. ఐదు నిమిషాల లోపల ఏ మందులో కడిగినా సమంగా రాదు. పోసేదానికి, వంచేదానికే అర నిమిషం పాయె. ఇంగ మిగిలిందెంత?

ఊటీలో చేసిన ఇందు ఫిలిం కడిగే రోజుల్లో మేము డీ-76 పాకెట్ కొనేవాళ్ళమే కాదు, త్రాసులో తూచి కలుపుకొనేవాళ్ళం. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బొరాక్స్ 2. మెటాల్ ముందు కరగాల, సల్ఫైట్ ఆనక. తిరగేసినావంటే మెటాల్ కరగక సతాయిస్తుంది. 1927 నాటి ఫార్ములా, ఇప్పటికీ దాన్ని మించింది నేను చూడలే.

నీళ్ళ సంగతికొస్తే, కొత్త కుండ ఒకటి కొను. రాత్రి నింపి కిటికీ కాడ తడి ఇసకలో పెట్టు. మన పొడి ఎండకు పొద్దునకు 24, 25కు దిగుతుంది. ఐసు ఏస్తే ఒకసారి 18, ఇంకోసారి 27, దాంతో వేగలేం. ఆ నీళ్ళతో డీ-76ను 1+1 కలుపు. 20 దగ్గర 11 నిమిషాలు పట్టేది 25 దగ్గర ఏడుకొస్తుంది. చేతికి అందే టైము. రొడినాల్ జోలికి పోవద్దు, 35 ఎంఎం ఫిలిం మీద గ్రెయిన్ (బొమ్మలోని గరుకు చుక్కలు) ఇసక చల్లినట్టు లేస్తుంది.

మధ్యాహ్నం ఎండ:
ఇన్ని లెక్కలు దేనికండీ? రొడినాల్ 1+100 కలిపి పోయండి, నాలుగుసార్లు వంచండి, గంటసేపు ముట్టుకోకండి. తెల్లటి చోట మందు తొందరగా అలిసిపోతుంది, నీడ చోట పని చేస్తూనే ఉంటుంది. బైరాగికీ, తోటికీ ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. వేడి ఎంతుంటే ఏం?

శేషాచలం నీడ:
“వేడి ఎంతుంటే ఏం” అనే మాటకు నేను ఒక రీలు బలిచ్చాను. చంద్రగిరి కోట, వెనక తేట ఆకాశం, సరిగ్గా మీరు చెప్పినట్టే గంటసేపు కదపకుండా పెట్టాను. ఫిలిం అంచు చిల్లుల దగ్గర్నుంచి ఆకాశంలోకి చారలు దిగాయి. కదిలించకపోతే, మందు పని చేసేటప్పుడు ఫిలింలోంచి వచ్చే బ్రోమైడ్ అక్కడే జారుతుంది, చారలు దాని పుణ్యమే. పైగా 31 డిగ్రీల గదిలో గంటంటే ఫిలిం అంతటా మసక పరుచుకుంటుంది. జాతర మళ్ళీ ఏడాదికి గానీ రాదు, దాని మీద ప్రయోగం వద్దు.

కానీ పాత డార్క్‌రూమ్ గారితోనూ పూర్తిగా ఏకీభవించను. బొగ్గు ముఖం మీద చెమట మెరుపు, పూత పగుళ్ళు రొడినాల్ చూపించినంత పదునుగా డీ-76 చూపించదు. గ్రెయిన్ ఉంటుంది, ఉండనివ్వండి. తోటి వేషం నున్నగా ఉండాలని ఎవరన్నారు?

పీలేరు కాఫీ:
ఫిల్టర్ కాఫీ డికాషన్‌లో కడగొచ్చంటగా? 😄

శేషాచలం నీడ:
నవ్వులాటేం కాదు. కాఫీ, వాషింగ్ సోడా, విటమిన్ సీ కలిపితే నిజంగానే బొమ్మ వస్తుంది. కాకపోతే దానికి చవక ఇన్‌స్టంట్ కాఫీ పొడి వాడతారు. మీ డికాషన్ మీరే తాగండి.

బండ వేషం అభిమాని:
మందుల కోసం కొట్టుకుంటున్నారు, ఫిలిం ఊసు ఎవరూ ఎత్తరేం? బండ వేషం రోజు ఒళ్ళంతా కుంకుమ. హెచ్‌పీ5 ఎరుపును కూడా చూసే ఫిలిం కాబట్టి ఆ కుంకుమ నడిమి రకం బూడిద రంగులో చప్పగా వస్తుంది. నేనైతే ఇల్ఫోర్డ్ ఆర్థో ప్లస్ వేస్తా. దానికి ఎరుపు కనిపించదు, కుంకుమ నల్లగా దిగి కళ్ళు నిప్పుల్లా లేస్తాయి. స్పీడు (వెలుతురును పట్టే శక్తి) 80 మాత్రమే అయినా మే ఎండలో అది చాలు.

చిత్తూరు పాత డార్క్‌రూమ్:
అప్పుడు బండ వేషం కాస్తా తోటి వేషమైపాయె! కుంకుమేదో బొగ్గేదో తెలీని ఫోటో ఎవురికి? హెచ్‌పీ5కే ఆరెంజ్ ఫిల్టర్ పెట్టు, కుంకుమ కొంచెం వెలుగొస్తుంది.

తమ్ముడూ, ఇంకో మాట. మీటర్‌ను వేషాల మీద పెట్టినావంటే మోసపోతావు. బొగ్గును చూసి వెలుతురు జాస్తి ఇమ్మంటుంది, నామంకొమ్మును చూసి తగ్గించమంటుంది. నీ అరచేతిని ఎండలో పెట్టి కొలువు, ఒక స్టాప్ పెంచు, అంటే వెలుతురు రెట్టింపు ఇయ్యి. బైరాగి రోజు మీటర్‌లో ఫిలిం స్పీడు 400కు బదులు 200 అని పెట్టుకోని, ఏడు నిమిషాలకు బదులు ఆరుకే దించు. నీడలు నిండుతాయి, తెలుపు మూసుకపోదు. కడిగినాక మేడ మీది ట్యాంకు నీళ్ళు మాత్రం తాకించొద్దు. మేలో అవి కాగు నీళ్ళే, 25 నుంచి వాటిలోకి పోతే ఫిలిం మీది జిగురు ఉబ్బి గీతలు పడుతుంది. కుండనీళ్ళే పోసి ఐదుసార్లు వంచు, పారబోసి పది, మళ్ళీ పారబోసి ఇరవై. రన్నింగ్ వాటర్ అక్కర్లే. చివర్న మాత్రం బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్ళు, బోరు నీళ్ళయితే ఆరినాక తెల్ల మరకలే.

కపిలతీర్థం కుర్రోడు:
అందరి మాటా విని నిన్న టెస్ట్ చేసినా. మా తమ్ముడి ముఖానికి ఒకపక్క నామంకొమ్ము, ఇంకోపక్క బొగ్గు పూసి మిద్దె మీద నిలబెట్టినా (మా అమ్మ తిట్లు జాతరలో తోటి వేషమోళ్ళు కూడా తిట్టరు). రీలును చేంజింగ్ బ్యాగ్‌లో (వెలుతురు చొరని సంచి) రెండు ముక్కలు చేసి, ఒకటి డీ-76 1+1, ఇంకోటి రొడినాల్ 1+50 కడిగినా. రెండూ కుండనీళ్ళే, 25 డిగ్రీలు. తెల్లపక్క డీ-76లో పూత మీద వేలి గుర్తులు కూడా కనిపిస్తా ఉండాయి, రొడినాల్‌లో గరుకుగా ఉంది. బొగ్గుపక్క తిరగబడింది: రొడినాల్ ముక్కలో చెమట బొట్లు లెక్కపెట్టొచ్చు.

అప్పుడు తట్టింది. ఒక్కో వేషం ఒక్కో రోజు వస్తుంది గదా, నేను రోజుకొక రీలే తీస్తా. ఒకే మందు ఎందుకు? బైరాగి రీలు డీ-76లో, తోటి రీలు రొడినాల్‌లో కడుగుతా. బండ వేషమే ఎటూ తేలలే.

బండ వేషం అభిమాని:
ఆ రోజుకు నా ఆర్థో రీలు ఒకటి నీకిస్తా. ఎర్రలైటు కింద పెద్దాయన ముందరే కడుగుదాం, బొమ్మ లేచేది ఆయన కళ్ళతో చూస్తాడు.

చిత్తూరు పాత డార్క్‌రూమ్:
వస్తా. నా రీలు కూడా తెస్తా, ఆరెంజ్ ఫిల్టర్‌తో తీసింది. రెండూ ఒకే తీగకు ఆరేయండి.