అప్‌డేట్: పది నిమిషాలకే ఆగిపోయే పాత గార్డెన్ ట్రాక్టర్ – కారణం దొరికింది

మా అమ్మాయితో కలిసి బాగుచేస్తున్న పాత గార్డెన్ ట్రాక్టర్‌లోని సింగిల్ సిలిండర్ ఇంజన్ పది నిమిషాలు చక్కగా నడిచి ఆగిపోతోందనీ, అరగంట చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతోందనీ ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పెట్రోల్ ట్యాంకు మూత చూడమన్న సలహాయే పనిచేసింది.

ఈసారి ఇంజన్ ఆగిన వెంటనే మా అమ్మాయి మూత తిప్పింది. ట్యాంకు బుస్సుమంటూ గాలిని లోపలికి పీల్చుకోవడం ఇద్దరికీ స్పష్టంగా వినిపించింది. మూతకు ఉండే సూదిమొనంత రంధ్రం గుండా గాలి లోపలికి చేరితేనే పెట్రోల్ కిందికి దిగుతుంది. అది మూసుకుపోవడంతో ట్యాంకులో పీడనం తగ్గి, కార్బురేటర్‌కు (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగం) పెట్రోల్ అందడం ఆగిపోయేది. ఇంజన్ చల్లారేలోగా మూత అంచుల నుంచి గాలి మెల్లగా చొరబడేది కనుక, లోపమంతా వేడి వల్లేనని నేను పొరబడ్డాను. రంధ్రాన్ని మూసింది తుప్పు కాదు, ముచ్చటపడి మూడు పూతలు వేసిన ఎర్ర రంగు. (ఆ పూతలు వేసింది నాన్నేనని మా అమ్మాయి ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంది.) సన్నని తీగతో రంధ్రాన్ని తెరిచాక ఇంజన్ గంటన్నర సేపు ఆగకుండా నడిచింది.

వేడే కారణమనుకుని, స్పార్క్ పుట్టించడానికి తోడ్పడే ఇగ్నిషన్ కాయిల్, కండెన్సర్ మార్చడం ఈ సమస్యతో సంబంధం లేని ఖర్చుగా తేలింది. తెరుచుకున్నప్పుడు స్పార్క్ వచ్చేలా చేసే కాంటాక్ట్ పాయింట్ల మధ్య సందు కూడా మా మాన్యువల్‌లో చెప్పిన 0.020 అంగుళాల వద్దే ఉంది. ఆగిన వెంటనే ప్లగ్ విప్పి స్పార్క్ వస్తోందో లేదో చూసి ఉంటే అసలు కాయిల్ కొనేవాళ్లమే కాదు. పాత కాయిల్‌ను విడిభాగాల డబ్బాలో దాచాము.