ఒలింపియా హెర్మీస్ విగ్రహం ప్రాక్సిటెలీస్ చెక్కినదేనా?

శిల్పాసక్తుడు:
గ్రీసులోని ఒలింపియా మ్యూజియంలో ఉన్న గ్రీకు దేవుడు హెర్మీస్ విగ్రహాన్ని కొన్ని పుస్తకాలు ప్రాచీన గ్రీకు శిల్పి ప్రాక్సిటెలీస్ స్వయంగా చెక్కిన మూలకృతి అంటున్నాయి, మరికొన్ని తరువాతి కాలపు పని అంటున్నాయి. సంతకం లేని శిల్పానికి ఏ ఆధారంతో ఒక శిల్పి పేరు పెడతారు? "ఫలానా శిల్పి సంప్రదాయం" అన్న మాటకు కచ్చితమైన అర్థం ఉందా?

రాతిఉలి:
ఈ విగ్రహానికి అసలు ఆధారం అది దొరికిన చోటే. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీసు తిరిగి చూసిన యాత్రికుడు పౌసానియస్, ఒలింపియాలోని హీరా దేవత ఆలయంలో పసివాడైన డయోనిసస్ దేవుణ్ణి ఎత్తుకున్న రాతి హెర్మీస్ ఉన్నదనీ, అది ప్రాక్సిటెలీస్ పని అనీ రాశాడు. 1877లో జర్మన్ తవ్వకాలలో అదే ఆలయంలో అటువంటి విగ్రహమే బయటపడింది. ఇంత దగ్గరి సాక్ష్యం చాలా గ్రీకు శిల్పాలకు లేదు. ఉదాహరణకు మరో గ్రీకు శిల్పి పాలిక్లీటస్ పోతపోసిన ఈటెధారి కంచు విగ్రహం ఏనాడో పోయింది, 1863లో కార్ల్ ఫ్రీడరిక్స్ అనే పండితుడు పాలరాతి నకళ్లను బట్టి దాని రూపాన్ని గుర్తించవలసి వచ్చింది. కాబట్టి నేను ప్రాక్సిటెలీస్ పక్షమే.

పాతపీఠం:
రాతిఉలి గారూ, చోటు సరిపోయిన మాట నిజమే, కానీ దానివల్ల తేలేది పౌసానియస్ చూసిన విగ్రహం ఇదేనన్నంత వరకే. ప్రాక్సిటెలీస్ క్రీ.పూ. 4వ శతాబ్దపు శిల్పి. ఇద్దరికీ నడుమ దాదాపు ఐదు వందల ఏళ్లున్నాయి, ఆనాటికి ఆలయంలో చెప్పుకునే పేరునే పౌసానియస్ రాసుకుని ఉండవచ్చు. ఒకసారి విగ్రహం వెనక్కి వెళ్లి చూడండి. ముందువైపు అద్దంలా మెరుగుపెట్టిన ఆ దేహానికి వీపు మీద ఉలి గాట్లు అలాగే మిగిలి ఉన్నాయి. తుంటికీ పక్కనున్న చెట్టుమోడుకూ మధ్య రాతి ఊత ఒకటి ఉంది. కంచు విగ్రహాలను చూసి పాలరాతిలో చెక్కిన రోమన్ కాలపు నకళ్లలో ఇలాంటి ఊతలు తరచు కనబడతాయి. ఇటువంటి పనితనపు జాడలను పట్టుకునే 1927లో కార్ల్ బ్ల్యూమెల్ అనే పండితుడు ఇది ప్రాక్సిటెలీస్ మూలకృతి కాదని వాదించాడు. పైగా ప్రాక్సిటెలీస్ అనే పేరు తరువాతి తరాల శిల్పులకు కూడా ఉంది, ఆ సంగతి చాలామంది మరచిపోతారు.

ఉలిజాడ:
ప్రశ్నలోని రెండో భాగాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పీఠంపై శాసనం ఉంటే పని సులువు: అదే ఒలింపియాలో 1875లో దొరికిన విజయదేవత నైకీ విగ్రహపు పీఠం మీద మెండే ఊరి వాసి పైయోనియస్ దాన్ని చేశాడని స్పష్టంగా ఉంది. గ్రీకు శిల్పి లైసిప్పస్ విషయంలో శాసనమే చిక్కు తెచ్చింది. తలను చిన్నదిగా, దేహాన్ని సన్నగా మలచడం ఆయన పద్ధతి అని రోమన్ రచయిత ప్లినీ రాసిన మాటలను బట్టి, 1849లో రోమ్‌లో దొరికిన, ఒంటి నూనె గీకుకునే మల్లుడి పాలరాతి విగ్రహాన్ని ఆయన కంచు పనికి నకలుగా గుర్తించారు. తరువాత డెల్ఫీలో అగియాస్ అనే మల్లుడి పాలరాతి విగ్రహం దొరికింది. దాని పీఠం మీద చెక్కిన పద్యమే ఫార్సలస్ అనే గ్రీకు పట్టణంలోని ఒక పీఠం మీద లైసిప్పస్ పేరుతో కలిసి ఉంది. అయితే రెండు విగ్రహాల నిలబడే తీరులో ఎంత తేడా ఉందంటే, వాటిని ఒకే చేతి పని అనడానికి చాలామంది వెనుకాడారు. లైసిప్పస్ కంచులో పనిచేసినవాడు కనుక, ఫార్సలస్‌లోని ఆయన కంచు విగ్రహాన్ని అనుసరించి ఇతరులు డెల్ఫీలో పాలరాతిలో చెక్కారన్న వివరణ నాకు సబబుగా తోస్తుంది. "సంప్రదాయం" అన్న మాటను నేను వాడేది ఇటువంటి చోటనే: ఆలోచన ఒకరిది, ఉలి మరొకరిది.

శిల్పాసక్తుడు:
వీపు వైపు ఫొటోలు ఇప్పుడే వెతికి చూశాను. ఇన్నాళ్లూ నా దగ్గరున్న పుస్తకాలన్నింటిలో ముందువైపు ఫొటోలే ఉన్నాయి.