పాలపుంతకు భుజాలా, పాయలా?

నెల్లూరు నుంచి:
మన గెలాక్సీ పాలపుంతలో సుడి తిరిగిన నక్షత్రాల బారును ఇంగ్లీషులో స్పైరల్ ఆర్మ్ అంటారు. దానికి తెలుగులో వాడే ‘సర్పిల భుజం’ అన్న మాటతో నాకు పేచీ. సంస్కృతంలో భుజమంటే చేయి సరే, తెలుగు ఇంట్లో భుజమంటే కండువా వేసుకునే చోటు. సుడి తిరిగిన నక్షత్రాల బారును చూపించి భుజం అంటే పిల్లలకు ఏం తోస్తుంది? ‘పాయ’ అందామా? మన పెన్నకు పాయలున్నాయి. పాలవెల్లి అన్న పాత పేరులోనూ వెల్లి అంటే ప్రవాహమే.

కావలి నుంచి:
మాట అందంగానే ఉందమ్మా, అక్కడ జరిగేది వేరు. పాయలో నీరు పాయ వెంటే పోతుంది. నక్షత్రాలు భుజంలోకి వచ్చి, దాటి, అవతలికి వెళ్లిపోతాయి. సూర్యుడి వయసు దాదాపు 460 కోట్ల ఏళ్లు, పాలపుంత కేంద్రాన్ని ఒకసారి చుట్టడానికి పట్టేది సుమారు 23 కోట్ల ఏళ్లు. ఇన్ని చుట్లు తిరిగినవాణ్ణి ఏ భుజంలో పుట్టావని అడిగి ఏం లాభం?

అందుకే భుజాలు ఎక్కడున్నాయో తేల్చడానికి శాస్త్రజ్ఞులు పసి నక్షత్రాలను వెతుకుతారు. బాగా వేడిగా, భారీగా ఉండే ‘O’ రకం, తొలి ‘B’ రకం నీలి నక్షత్రాలు కొద్ది కోట్ల ఏళ్లలోపే ఆరిపోతాయి. సెకనుకు పది కిలోమీటర్ల చొప్పున పక్కకు జరిగినా కోటి ఏళ్లలో పోయేది 330 కాంతి సంవత్సరాలే. అవి ఎక్కడ గుంపుగా ఉంటే భుజం అక్కడ ఉన్నట్టు. 1951లో అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు విలియం మోర్గన్ తన విద్యార్థులు షార్ప్‌లెస్, ఆస్టర్‌బ్రాక్‌లతో కలిసి ఇలాంటి నక్షత్రాలనూ, వాటి అతినీలలోహిత కాంతికి వెలిగే హైడ్రోజన్ మేఘాలనూ దూరాలతో పటం మీద గుర్తించారు. మనకు దగ్గరి భుజాల తునకలు అలా మొదటిసారి కనిపించాయి. ఇల్లు కదలకుండా ఇంటి ప్లాను గీయడమంటే అదే!

ఒంగోలు నుంచి:
మరి మన పిల్లలకోడి? కృత్తికలూ నీలి నక్షత్రాలే కదా మాస్టారూ.

కావలి నుంచి:
వాటి వయసు పది కోట్ల ఏళ్లకు అటూఇటూ. సూర్యుడి ముందు పసివే, ఈ పనికి మాత్రం ముదిరిపోయాయి. ఓరియన్ నెబ్యులాలో పుడుతున్నవి కావాలి. దూరాన ధూళి అడ్డుపడిన చోట, పుడుతున్న భారీ నక్షత్రాల దగ్గరి మేసర్ల (రేడియో తరంగాలను సహజంగానే పెంచి పంపే వాయువుల) రేడియో తరంగాలు పట్టుకుని దూరం కొలుస్తున్నారు.

నెల్లూరు నుంచి:
పాయ వదిలేశాను. దాటిపోయేవే అయితే ‘అల’ అనవచ్చుగా?

కావలి నుంచి:
1964లో లిన్, షూ అనే శాస్త్రజ్ఞులు చెప్పింది దాదాపు అదే, సాంద్రతా తరంగమని, అంటే నక్షత్రాలూ వాయువూ కిక్కిరిసిన చోటు అలలా సాగుతుందని. అన్ని గెలాక్సీలకూ ఆ వివరణ సరిపోదు. పేరులోనే సిద్ధాంతాన్ని ఇరికించడం నాకు నచ్చదు. ‘చేయి’ అనండి, ఆకారం చెప్పి ఊరుకుంటుంది.

ఒంగోలు నుంచి:
‘పాలపుంతకు నాలుగు చేతులు’ అంటే విష్ణుమూర్తి అనుకుంటారు!

కావలి నుంచి:
నాలుగన్నదీ తేలని లెక్కే. పసి నక్షత్రాలతో గీస్తే నాలుగు. 2008లో స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు పరిశీలనలతో ముసలి నక్షత్రాలను లెక్కించినవారికి గట్టిగా కనిపించినవి రెండే.