అబోరిజినల్ పిల్లల కేసుల్లో వాళ్ల ప్రతినిధుల్ని అడిగాకే నిర్ణయం తీసుకోవాలా?

కొత్త_స్టూడెంట్:
అందరికీ నమస్తే. మెల్‌బోర్న్‌లో సోషల్ వర్క్ మాస్టర్స్ చేస్తున్నా, ప్లేస్‌మెంట్ చైల్డ్ ప్రొటెక్షన్ వైపు పడింది. అబోరిజినల్, అంటే ఇక్కడి ఆదివాసీ పిల్లల కేసైతే ప్రతి పెద్ద నిర్ణయానికీ అక్సాస్ వాళ్లని, అంటే వాళ్ల కమ్యూనిటీ సంస్థ నడిపే సలహా సర్వీసుని, సంప్రదించాలంటున్నారు. మరి పిల్లకి ఇంట్లో నిజంగానే డేంజర్ ఉంటే ఇదంతా లేట్ అవదా? పైగా ఇంటి విషయం ఊరంతా తెలిసిపోదా?

వెరిబీ_అక్క:
తమ్ముడూ, డేంజర్ ఉంటే పిల్లని ఆ రోజే బయటికి తెచ్చేస్తారు, దానికి ఎవరూ అడ్డుపడరు. ఎవరి దగ్గర పెట్టాలి అన్న దగ్గరే వాళ్లు కావాలి మనకి. ఫైల్లో అమ్మానాన్నల పేర్లు, పాత రిపోర్టులు ఉంటాయి అంతే, షెపర్టన్ ఊళ్లో ఓ మేనత్త ఉందనీ ఆవిడ ఇప్పటికే ఇద్దరు పిల్లల్ని బాగా చూసుకుంటోందనీ మనకెలా తెలుస్తుంది, వాళ్లకైతే తెలుస్తుంది. మన విక్టోరియా రాష్ట్రపు 2005 పిల్లల చట్టంలో వరస కూడా రాసుంది, ముందు బంధువులు, కుదరకపోతే అదే ప్రాంతపు అబోరిజినల్ కుటుంబం, తర్వాత వేరే కమ్యూనిటీ అబోరిజినల్ కుటుంబం, బయటివాళ్లు అన్నిటికన్నా చివర. కోర్టు పేపర్లన్నీ రెడీ చేసేసుకుని చివర్లో ఒక ఫోన్ కొట్టి సంప్రదించాం అని రాసుకోవడం చాలా తప్పు, అలా చెయ్యకు. ప్రైవసీ అంటావా, వాళ్లకీ మనలాగే రూల్స్ ఉంటాయి, బంధుత్వం ఉన్న వర్కర్ ఆ కేసు నుంచి తప్పుకోవాలి.

టార్నీట్_వాసి:
అక్క చెప్పింది నిజం, కానీ సలహా అడిగినంత మాత్రాన సరిపోదు అని నా అభిప్రాయం. ఈ దేశంలో 1970ల దాకా అబోరిజినల్ పిల్లల్ని ప్రభుత్వమే ఎత్తుకెళ్లింది, 1997లో దాని మీద పెద్ద రిపోర్టు వచ్చింది, 2008 ఫిబ్రవరి 13న అప్పటి ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అందుకే వెల్ఫేర్ వాళ్లు వచ్చారంటే ఇప్పటికీ ఆ ఇళ్లల్లో వణుకు. అదే చట్టంలో సెక్షన్ 18 చదువు, కోర్టు ఆర్డర్ ఉన్న పిల్లల బాధ్యత మొత్తం అబోరిజినల్ సంస్థకే ఇవ్వొచ్చు, 2017 నుంచి వాకా అనే విక్టోరియా అబోరిజినల్ పిల్లల సంస్థ అలా చేస్తోంది కూడా. నిర్ణయం వాళ్ల చేతిలో ఉండాలండీ, మన ఫారంలో ఒక గడిగా కాదు.

భద్రాచలం_బిడ్డ:
ఇది చదువుతుంటే మన దగ్గరి సంగతి గుర్తొచ్చింది. 2015 జువనైల్ జస్టిస్ చట్టం ప్రకారం జిల్లా బాలల సంక్షేమ కమిటీలో ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, కనీసం ఒక మహిళ ఉండాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో కూడా ఒక ఆదివాసీ మనిషి తప్పక ఉండాలని మాత్రం లేదు. కోయ పిల్ల కేసొస్తే ఆ భాషొచ్చి ఆ గూడెం చుట్టరికాలు తెలిసినవాళ్లు పక్కన లేకుండా ఆ పిల్ల ఎక్కడ పెరగాలో ఎలా తేలుస్తారు?

కొత్త_స్టూడెంట్:
థాంక్స్ అక్కా, అన్నా. వచ్చే వారం ఒక కుటుంబ మీటింగ్ ఉందట, డిపార్ట్‌మెంట్ మనిషి, అబోరిజినల్ సంస్థ మనిషి కలిపి నడిపేది. స్టూడెంట్ కూర్చోవచ్చా?

వెరిబీ_అక్క:
కుటుంబం సరే అంటేనే. ముందు ఆ సంస్థ కన్వీనర్‌ని కలిసి ఎవరెవరు వస్తున్నారో, పెద్దల్ని ఎలా పలకరించాలో అడుగు. నోట్‌బుక్ బ్యాగులోనే ఉంచు.